మూల రేకు

పెనుగాలి వీచి వెళ్ళిన మర్నాడు ఊరంతా తలలెత్తి నడిచింది. గర్వంతో కాదు, ఎవరి కప్పు ఉంది, ఎవరిది ఎగిరింది అని చూసుకోవడానికి. మందుల గోదాము రేకులు నాలుగు వెళ్ళి ఆటస్థలంలో పడ్డాయి. కార్లు బాగుచేసే షెడ్డు కప్పు మడతపెట్టిన దుప్పటిలా పక్క మేడ మీద కూర్చుంది. ఇంత నష్టంలోనూ జనం నోళ్ళలో నానింది ఒకటే మాట. రేకుల మేస్త్రీ వేసిన కప్పుల్లో ఒక్క రేకు కూడా కదల్లేదట!

రేకుల మేస్త్రీ, కప్పులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మకు స్వయానా అన్న. ఆ మాట చెవిన పడగానే ముందు ఆమెకు కడుపు నిండింది. పొద్దున్నే ఆఫీసుకు పోతూ అటు తొంగిచూస్తే అన్న వాకిట్లో ఇరవై మంది. మా ఇంటికి ముందు రావాలంటే మా ఇంటికి ముందని తోపులాట. ఏళ్ళ తరబడి ఎవరూ ఒప్పుకోని పశువుల కొట్టాల కప్పులూ, సైకిల్ షెడ్ల కప్పులూ వేసుకుంటూ బతికిన మనిషి, నలభై ఎనిమిదో ఏట మొదటిసారి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. చెల్లెల్ని చూసి దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"చూశావా పిట్టా! నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో!"

పిట్ట అని పేరు పెట్టింది తండ్రే. ఆయనా రేకుల మేస్త్రీయే. ఇద్దరు పిల్లల్నీ నేల మీద కంటే కప్పుల మీదే ఎక్కువ పెంచాడు. కొడుకు తండ్రి పని అందుకున్నాడు. కూతురు చదువుకుని, పరీక్ష రాసి, కట్టడాల భద్రత చూసే ఆఫీసులో చేరింది. గాలివాన వచ్చి వెళ్ళాక కప్పులు ఎక్కి, పైకి కనపడని దెబ్బలు వెతకడం ఆమె ఉద్యోగం.

ఆ ఉద్యోగమే చేసే మనిషి ఆఫీసులో ఇంకొకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ దుర్భిణి అంటారు. రోడ్డు మీద నిలబడి, మెడలో వేలాడే దుర్భిణి కళ్ళకు పెట్టుకుని, కప్పు ఉందా, ఉంది, అని రాసి వెళ్ళిపోతాడు. కప్పు ఎగిరిపోయిందని చెప్పడానికి ఇన్‌స్పెక్టరు ఎందుకు, కాకికి కూడా తెలుస్తుంది. అసలు దెబ్బ ఎగరకుండా మిగిలిన కప్పుల్లోనే ఉంటుందని ఇన్‌స్పెక్టరమ్మ నమ్మకం. ఆ నమ్మకం వల్ల పదిహేనేళ్ళుగా ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి కాని మంచి పేరు రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం వదిన ఆఫీసుకు వచ్చింది. వదిన నోట్లో నాలుక లేని మనిషి. కుట్టు షెడ్డులో మెషీను తొక్కుతుంది. ఆ షెడ్డు కప్పు అన్న వేసిందే, అన్న జీవితంలో అదే పెద్ద పని.

"ఏంటి వదినా, ఇలా వచ్చావు?"

"ఏం లేదమ్మా. షెడ్డులో నా మెషీను పైన టిక్కు టిక్కుమంటోంది. కాస్త గాలి తగిలితే చాలు. గాలివాన ముందు ఆ చప్పుడు లేదు. నాకు కుట్టు మీద మనసు నిలవట్లేదు, ఒకటే పైకి చూస్తున్నా."

"అన్నయ్యకి చెప్పావా?"

"ఇప్పుడాయనకి ఎలా చెప్పను? ఊరంతా పొగుడుతుంటే! నువ్వొకసారి చూడు. నేను చెప్పానని మాత్రం అనకు తల్లీ."

ఆ షెడ్డు దుర్భిణి జాబితాలో ఉంది. "మీ అన్నగారి పనే కదా మేడమ్, నేను చూసేస్తాను, హాయిగా వదిలేయండి," అన్నాడాయన. వదిలేసి ఉంటే ఈ కథ లేదు. సొంతవాళ్ళ పని చూడకూడదని నియమం ఉంది కాని, గాలివాన తర్వాత పదిరోజులు నియమాలన్నీ సెలవులో ఉంటాయి. ఆమె ఆయన బల్ల మీది కాగితం తీసి తన సంచిలో పెట్టుకుంది.

షెడ్డులో అరవై మంది ఆడవాళ్ళు. మెషీన్లు ఆపించి, తలుపులు మూయించి, లైట్లు తీయించింది. కప్పుకు చిల్లు ఉంటే ఆ చీకట్లో సూదిమొనంత వెలుగైనా దొరుకుతుంది. "ఇన్‌స్పెక్టరమ్మ మనకి పగలే చుక్కలు చూపిస్తుందే!" అని ఎవరో అంటే షెడ్డంతా నవ్వింది. పది నిమిషాలు మెడ నొప్పి పుట్టేలా చూసింది. ఒక్క చుక్క లేదు. లైట్లు వేయగానే చప్పట్లు కొట్టారు. మేస్త్రీ చెల్లెలు కదా, మేస్త్రీ పని బాగుందని చెప్పడానికే వచ్చిందనుకున్నారు పాపం.

ఆమె నిచ్చెన వేయించి పైకెక్కింది. బూట్లు విప్పి, దళసరి మేజోళ్ళతో స్క్రూల వరస మీదుగా నడుస్తూ, కదలికను పాదాలతో వెతికింది. నడి కప్పు గట్టిగా ఉంది. రెండు వాలులు కలిసే కొప్పు గట్టిగా ఉంది. చివరికి వదిన మెషీను మీదుగా వచ్చే మూలకు చేరి, బోర్లా పడుకుని, చూరు అంచు కింద అరచెయ్యి పెట్టి పైకి నెట్టింది. రేకు రెండు వేళ్ళ ఎత్తు లేచింది. చెయ్యి తీయగానే టిక్కుమని కూర్చుంది.

స్క్రూ తల కింద రబ్బరు బిళ్ళ ఒకటి ఉంటుంది, వాన దిగకుండా. వేలితో తిప్పితే బిళ్ళతో సహా స్క్రూ తిరిగింది. ఒకటి విప్పి చూసింది. రాత్రంతా గాలి రేకును ఎత్తి ఎత్తి కుదేసింది, కింద బెజ్జం పాత చొక్కా కాజాలా సాగిపోయింది. బిళ్ళ దాన్ని కప్పేసింది కాబట్టి లోపలికి వెలుగు రాలేదు. ఆ మూలలో ఇరవై మూడు స్క్రూలుంటే పద్నాలుగు వేలితో తిరిగాయి. ఇంకో గట్టి గాలి వస్తే ఆ రేకు లేస్తుంది, లేచిందంటే గాలి కిందికి దూరి మిగతా కప్పును వరసగా ఒలుచుకుపోతుంది.

ఎందుకిలా అయిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. రేకు మీద మిట్ట, పల్లం, మిట్ట, పల్లం. అన్న ఒక మిట్టకు స్క్రూ వేసి, పక్క మిట్ట వదిలేశాడు. కప్పంతా అలాగే. మూలల్లోనూ అలాగే.

అది నాన్న లెక్క. "ఒకటి వెయ్యి, ఒకటి వదులు," అనేవాడాయన. "ప్రతి మిట్టకీ పొడిస్తే రేకు జల్లెడవుతుందిరా. బెజ్జమంటే వానకి తలుపు తెరిచినట్టే." ఆ మాటలో అబద్ధం లేదు. కాని ఆయన కాలంలో ఒక్కో రేకును ఇద్దరు మనుషులు మోసేవాళ్ళు. ఇప్పుడొచ్చే రేకును ఒక్కడు చంకన పెట్టుకుని ఫోను మాట్లాడుకుంటూ నిచ్చెనెక్కుతున్నాడు. రేకు పలచబడింది, లెక్క మారలేదు. అన్న స్క్రూలు మిగుల్చుకున్నాడా, కాదు. బద్ధకించాడా, అదీ కాదు. తండ్రి చెప్పినట్టు అక్షరం తప్పకుండా చేశాడు. దొంగతనమైతే కోప్పడొచ్చు. ఇది భక్తి. భక్తిని ఏ కాగితంలో రాయాలి?

ఆ సాయంత్రం అన్న ఇంటికి వెళ్ళింది. అమ్మ వంటగది గుమ్మంలో పీట మీద ఉంది. వదిన బట్టలు మడతపెడుతోంది. అన్న ఫోను చెవిలోంచి తీయకుండానే కుర్చీ చూపించాడు. అతను మాట్లాడటం అయ్యేదాకా ఆగి, ఆమె సూటిగా చెప్పింది.

"అన్నయ్యా, కుట్టు షెడ్డు మూల రేకు లేస్తోంది."

"నేనేసిన రేకా?" నవ్వాడు. "మొన్నటి గాలికి రోడ్డు మీద లారీ పడింది. నా రేకు పడలేదు. గాలి కంటే పెద్ద ఇన్‌స్పెక్టరువా నువ్వు?"

"ఈసారికి పడలేదు. స్క్రూలు వేలితో తిరుగుతున్నాయి, నేను తిప్పి చూశాను. కప్పు మొత్తం ప్రతి మిట్టకీ వెయ్యాలి. రేపు నువ్వే వెళ్ళి మొదలుపెట్టు. మేస్త్రీ తనంతట తనే వచ్చి గట్టిచేశాడని రాస్తాను. నీ మీద మాట పడదు."

"ప్రతి మిట్టకా?" అన్న నవ్వు పోయింది. "నాన్న ఏం చెప్పాడు?"

"నాన్న నాటి రేకులో సగం మందం లేదు అన్నయ్యా ఇది."

"అంటే నాన్నకి పని రాదంటావు."

"అనలేదు."

"అన్నావు! రేపు నేను వెళ్ళి కొత్తగా స్క్రూలు కొడితే, మరి మా కప్పు సంగతేంటి మేస్త్రీ అని ప్రతివాడూ అడుగుతాడు. ఎన్ని గుమ్మాలు తొక్కి, తప్పైపోయిందని దండం పెట్టమంటావు? ఇన్నేళ్ళకి ఇవాళ నన్ను మనిషిగా చూస్తున్నారే! షెడ్డు యజమానికి లేదు బాధ, అందులో కూర్చునేవాళ్ళకి లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కూర్చునేవాళ్ళకి లేదని ఎవరన్నారు?"

ఆ మాట ఆమె నోరు జారి వచ్చింది. అన్న మెల్లగా వదిన వైపు తిరిగాడు.

"ఏమే, నీకేమన్నా తేడాగా అనిపించిందా అక్కడ?"

వదిన మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "నాకేం తెలీదండి. బాగానే ఉందిగా," అంది. అన్నాక ఆడపడుచు మొహం చూడలేదు.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. "వాడు పెట్టిన కూడు తిని చదువుకున్నావు. నీ పుస్తకాలకి వాడు ఎండలో మాడాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనే!"

ఇన్‌స్పెక్టరమ్మకు జీతం ఇచ్చేదే వాసాలు లెక్కపెట్టమని. ఇంకోరోజైతే ఆ మాట తనే అని నవ్వించేది. అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె పరీక్ష రాసిన ఏడాది అన్న రెండు పూటలా పనిచేశాడు.

"ఎల్లుండి దాకా కాగితం నా సంచిలోనే ఉంటుంది," అని లేచింది.

"ఇప్పుడే రాసుకో. కలం కావాలా?" అన్నాడు అన్న.

రెండు రోజులు ఆఫీసుకు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కుట్టు షెడ్డు ముందునుంచి నడిచింది. నిచ్చెన లేదు, మనిషి లేడు. లోపల మెషీన్లు మాత్రం ఆడుతున్నాయి. ఆ రెండు రోజులూ అరవై మందిని ఆ రేకు కింద కూర్చోబెట్టింది తనే, అన్న మొహం చూసి. దేవుడి దయవల్ల ఆకు కదల్లేదు. ఆ తప్పు ఏ కాగితంలోనూ ఎక్కలేదు, ఎవరూ ఆమెను దాని గురించి అడగలేదు. మూడో రోజు పొద్దున రాసేసింది. స్క్రూల సంఖ్య, బెజ్జాల సాగుడు, మిట్ట విడిచి మిట్ట వేయడం, వేసిన మేస్త్రీ ఎవరు, అంతా రాసి సంతకం పెట్టింది.

షెడ్డు తలుపుకు ఎర్ర కాగితం అంటించారు. రెండు వారాలు మూత. "గాలి మన కూడు తీయలేదే, ఇన్‌స్పెక్టరమ్మ తీసింది," అన్నారు చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళే. ఆఫీసు వాళ్ళు అన్నను అనుమతి ఉన్న మేస్త్రీల జాబితాలోంచి తీసి, ఆ కప్పు సరిచేస్తే మళ్ళీ చేరుస్తామన్నారు. తప్పని నా చేత్తో నేను ఒప్పుకోనన్నాడు అన్న. పోటీ మేస్త్రీ ఒకడున్నాడు, పొడుగు మేస్త్రీ అంటారు. వాడొచ్చి ప్రతి మిట్టకూ స్క్రూ బిగించి పోయాడు. అన్న వాకిట్లో జనం పలచబడి, తర్వాత కుర్చీ కూడా లోపలికి వెళ్ళిపోయింది.

అన్న కప్పులున్న నలభై ఒక్క ఇళ్ళకూ ఆమె ఉత్తరాలు రాసింది, మూలలైనా మళ్ళీ బిగించుకోండని. ముగ్గురు బిగించుకున్నారు. మిగతావాళ్ళు, నిలబడ్డ కప్పును కెలకడమెందుకన్నారు.

నాలుగు నెలలకు రెండో గాలి వచ్చింది, పట్టపగలు, మధ్యాహ్నం మూడింటికి. ఆఫీసు కిటికీలన్నీ మూసేశారు. బయట డబ్బాలు దొర్లుతున్నాయి, ఎక్కడో అద్దం పగిలింది. దుర్భిణి టీ తాగుతూ కూర్చున్నాడు. ఆమె ముందున్న కాగితం చదవడంలేదు, వింటోంది. రేకు లేచే చప్పుడు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఉన్నానని కాసేపటికి ఆమెకే అర్థమైంది. ఒక్కటి. ఎవరూ లేని గోదాముదైనా సరే, అన్న వేసిన రేకు ఒక్కటి లేస్తే చాలు. మనిషికి దెబ్బ తగలొద్దు, కాని రేకు లేవాలి. ఊరంతా చూడాలి. అమ్మ చూడాలి. కప్పులు కాపాడటానికి జీతం తీసుకునే మనిషి, కప్పు ఎగరాలని కోరుకుంటూ కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా కోరిక పోలేదు.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగింది. అన్న కప్పుల్లో ఒక్క రేకు కదల్లేదు.

గాలి ఈసారి వేరే దిక్కు నుంచి వచ్చింది. జోరు కూడా మొదటిదాంట్లో సగం లేదు. అది ఆమెకు తెలుసు, కొలిచిన అంకెలు బల్ల మీదే ఉన్నాయి. ఎవరూ అడగలేదు. టీ కొట్టు దగ్గర ఆమె వినాలనే కాస్త గట్టిగా అన్నారు: "చూశారా, ఏమైంది? అన్యాయంగా అన్న కడుపు కొట్టింది." కుట్టు షెడ్డు కూడా నిలబడింది కదా, మరి రెండు వారాలు ఎందుకు మూయించినట్టని ఇంకొకడు. బిగించారు కాబట్టి నిలబడిందిరా నాయనా అంటే వినేవాడెవడు? ఇల్లు కాలితే ఆర్పినవాడికి దండ వేస్తారు. కాలకుండా చూసినవాడు అసలేం చేశాడో చెప్పమంటే తనకే మాట రాదు.

ఆ వారమే బస్టాపులో వదిన కనిపించింది. అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చింది.

"చప్పుడు పోయిందమ్మా. మొన్న అంత గాలిలోనూ నా నెత్తిన ఏమీ కదల్లేదు. భయం లేకుండా కుట్టుకున్నాను. ఆ మాట నీకు చెప్పాలని."

"అన్నయ్యకి చెప్పావా?"

వదిన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఏ మొహం పెట్టుకుని చెప్పను? అప్పుడే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని నన్ను గెంటేస్తారు. మనసులో పెట్టుకోకు తల్లీ. ఇంటికి మాత్రం రాకు. నీ పేరు వినపడితే అత్తయ్య ఆ పూట అన్నం ముట్టరు."

బస్సు వచ్చింది, వదిన ఎక్కి వెళ్ళిపోయింది. నిజం తెలిసిన మనిషి ఊరు మొత్తం మీద ఒక్కతే, ఆ ఒక్కతే నోరు విప్పదు. ఆమెకు వదిన మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే తేలిగ్గా ఉండేది.

చలికాలంలో కొత్త గ్రంథాలయం కప్పు చూడమని కాగితం వచ్చింది. వేసింది పొడుగు మేస్త్రీ. ఆమె వెళ్ళేసరికి మేస్త్రీ లేడు, కూలీలు నలుగురు గోడ నీడన నిలబడి ఉన్నారు. నిచ్చెన అడుగున వంగి, రెండు చేతులా దాన్ని పట్టుకున్న మనిషి తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. దగ్గరికి వెళ్ళాక గాని అన్న అని తెలియలేదు.

"రండి మేడమ్," అన్నాడు. "నిచ్చెన పట్టుకున్నాను, ఎక్కండి."

పుట్టిన దగ్గర్నుంచి అన్న ఆమెను నువ్వు తప్ప ఇంకోమాట అనలేదు. పిట్టా అన్నాడు, ఒసేయ్ అన్నాడు, కోపమొస్తే దయ్యమా అన్నాడు. మిగతా కూలీలు చూస్తున్నారు. ఆమె మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"అమ్మ ఎలా ఉంది?"

"మూలలు కూడా చూసుకోండి మేడమ్. ప్రతి మిట్టకీ వేశాం."

ఎక్కింది. ప్రతి మిట్టకూ ఉంది, దారం పట్టి గీసినట్టు. ఎవరు వేశారో రెండు వరసలు చూడగానే తెలిసిపోయింది. రబ్బరు బిళ్ళ వదులుగా ఉండకూడదు, నలిగి ఉబ్బకూడదు. సరిగ్గా ఎంత నొక్కాలో ఆ నొక్కు ఊళ్ళో ఒక్క చేతికే వచ్చు. నాలుగు మూలల దగ్గరా బోర్లా పడుకుని ఒంట్లో బలమంతా పెట్టి నెట్టింది. వెంట్రుకవాసి కదల్లేదు. ఇన్నేళ్ళలో ఇంత మంచి కప్పు ఆమె చూడలేదు. అక్కడే రేకు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, మెల్లగా దిగింది. ఆమె రెండు కాళ్ళూ నేలకు ఆనేదాకా అన్న నిచ్చెన వదల్లేదు.

"పని చాలా బాగుంది అన్నయ్యా."

అన్న నిచ్చెన ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"మా మేస్త్రీతో చెప్తానండి," అన్నాడు.